జాకెట్టు చెయ్యి ఆగిన చోట

మే నెలలో తిరువూరు చుట్టుపక్కల ఏ మామిడి తోటకు వెళ్లినా చెట్ల కింద కూర్చుని కాయలు ఏరి, సైజుల వారీగా కుప్పలు పోసే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో నలభై అయిదు దాటిన ఎవరి చెయ్యైనా ఒకసారి గమనించండి. జాకెట్టు చెయ్యి ఆగిన చోట గీత గీసినట్టు రంగు మారుతుంది. ఆ గీతకు కింద చర్మం నల్లబడి, గరుకుగా, చిన్న చిన్న మచ్చలతో ఉంటుంది. గీతకు పైన అదే చెయ్యి ఇంకా నున్నగానే ఉంటుంది. ముంజేతిని వెల్లకిలా తిప్పి లోపలి వైపు చూస్తే అక్కడా అంతే, పదేళ్లు చిన్న వయసు మనిషి చర్మంలా కనిపిస్తుంది.

ఆ చెయ్యి అంతా పుట్టింది ఒకే రోజు. పారే నెత్తురు ఒకటే, తిన్న తిండి ఒకటే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన వారసత్వమూ ఒకటే. మరి ఒకే చేతి మీద రెండు వయసులు ఎలా చేరాయి?

వయసు ఒక్కటే చేసిన పని గీతకు పైన కనిపిస్తుంది. గీతకు కింద కనిపించేది వయసుతో పాటు ఎండ చేసిన పని. 1986లో ఆల్బర్ట్ క్లిగ్మన్, లొరైన్ క్లిగ్మన్ అనే చర్మ శాస్త్రవేత్తలు ఈ రెండో దానికి వేరే పేరు పెట్టి, ఇది మామూలు ముసలితనం కాదని గట్టిగా చెప్పారు. వయసును ఆపలేం. ఎండ చేసే పనిని మాత్రం చాలా మటుకు ఆపవచ్చు. అందుకు కావలసిన వస్తువుల్లో ఎక్కువ భాగం మన దండెం మీద, వంటింటి అలమరలో ఉన్నవే. ఈ మాట నలభైల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ చేరాలని నా ఆశ. ఎందుకంటే సరిగ్గా ఆ వయసులోనే మనం అద్దంలో మచ్చ చూసుకుని మెడికల్ షాపుకు పరుగెడతాం. అక్కడ చేతిలో పెట్టే ట్యూబు ఒక్కోసారి ఎండ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ సంగతికి తరవాత వస్తాను.

నీడ కాళ్ల కిందికి వచ్చే రోజులు

తిరువూరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందువల్ల సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు ఈ ఊరికి సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మే 8, 9 తేదీల ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 4, 5 తేదీల ప్రాంతంలో మరోసారి. ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు నిటారుగా పాతిన గుంజకు నీడే పడదు. మేలో వచ్చే రోజు సరిగ్గా మామిడి కోతల మధ్యలో పడుతుంది. కాయ కోసి, లారీకెత్తి, నున్న మార్కెట్టుకు తోలే హడావుడి అంతా ఏడాది మొత్తంలో ఎండ అత్యంత నిటారుగా దిగే వారాల్లోనే. ఆగస్టు రోజు మబ్బుల చాటున గడిచిపోతుంది గనక ఎవరూ పట్టించుకోరు. కానీ పల్చటి మబ్బు వేడిని తగ్గించినంతగా, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను తగ్గించదు. పత్తి చేలో కలుపు తీసేవాళ్లకు చల్లగా అనిపిస్తూనే చర్మం దెబ్బతింటుంది.

ఈ కిరణాల్లో మనకు చేరేవి రెండు రకాలు. ‘బి’ రకం మధ్యాహ్నం జోరుగా ఉంటుంది, పై పొరను కందిస్తుంది. ‘ఎ’ రకం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటుంది, మామూలు కిటికీ అద్దాన్ని దాటి వస్తుంది, చర్మం లోపలి పొర దాకా దిగుతుంది. అసలు కథ ఆ లోపలి పొరలోనే నడుస్తుంది.

ఆ పొరను నులక మంచం అనుకోండి. పట్టెల మధ్య నులక ఎలా బిగువుగా అల్లుకుని ఉంటుందో, అక్కడ కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు అలా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య రబ్బరు దారాల్లాంటి ఎలాస్టిన్ పోగులు ఉంటాయి. కొత్త మంచం మీద కూర్చుని లేస్తే నులక మళ్లీ పైకి వస్తుంది. చిన్నపిల్లల బుగ్గ నొక్కి వదిలితే జరిగేది అదే. ఎండ తగిలినప్పుడు చర్మ కణాలు కత్తెరల్లాంటి కొన్ని ఎంజైములను వదులుతాయి. అవి ఈ నులకను అక్కడక్కడా కత్తిరిస్తాయి. శరీరం మళ్లీ ముడివేస్తుంది గానీ, ముడి వేసిన నులక మొదటి నులక కాదు. ఏళ్ల తరబడి తెగడం, ముడిపడడం జరిగితే చివరికి మిగిలేది కుక్కిమంచమే.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫిషర్, జాన్ వూర్హీస్ బృందం 1990లలో ఈ కత్తెరల పనిని బయటపెట్టింది. వాళ్లు చూపించిన వాటిలో నన్ను బాగా పట్టి నిలిపింది ఇది: చర్మం కందకపోయినా, మంట పుట్టకపోయినా, ఆ మాత్రం ఎండకే కొన్ని గంటల్లో కత్తెరలు బయటికి వస్తాయి. ‘నాకు ఎండ అలవాటే, ఏమీ కాదు’ అని మనం అనుకునే ఎండ కూడా నులకను కోస్తూనే ఉంటుందన్నమాట.

ఎ రకం కిరణం అద్దం దాటుతుందనడానికి 2012లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఫొటో చాలు. 69 ఏళ్ల అమెరికా డ్రైవరు 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. అక్కడ స్టీరింగు ఎడమవైపు. అతని ముఖం ఎడమ సగం లోతైన ముడతలతో కుడి సగం కంటే ఎన్నో ఏళ్లు ముసలిదైపోయింది. మన దగ్గర స్టీరింగు కుడివైపు. తిరువూరు మీదుగా జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద బండి తోలే డ్రైవరన్నలు తమ కుడి ముంజేతిని ఎడమదాని పక్కన పెట్టి చూసుకుంటే సరిపోతుంది.

అయితే మనకూ ఆ అమెరికా డ్రైవరుకూ ఒక తేడా ఉంది. మన చర్మంలోని మెలనిన్ అనే నల్లరంగు పదార్థం పుట్టుకతో వచ్చిన గొడుగు. అందుకే తెల్లజాతి వాళ్లకు ముందు ముడతలు వస్తే, మనకు ముడతలు ఆలస్యం. కానీ ఆ రంగు తయారుచేసే కణాలు ఎండకు, రాపిడికి, మంటకు, గాయానికి, దేనికైనా రంగు గుమ్మరిస్తాయి. కాబట్టి మనకు ముందు వచ్చేవి మచ్చలు, మంగు.

> నీడతో కొలత
> ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు సగం ఆకాశానికి పైన ఉన్నట్టు, అంటే చర్మాన్ని కందించే కిరణాలు జోరుగా దిగుతున్నట్టు. నీడ మీకంటే పొడవుగా ఉంటే వాటి తీవ్రత తగ్గినట్టు. వాచీ అక్కరలేదు, ఫోనూ అక్కరలేదు. వేసవిలో పొద్దున తొమ్మిది కాకముందే నీడ పొట్టిదైపోతుందని గమనిస్తే కోతలు తెల్లవారుజామున మొదలుపెట్టడంలో ఎంత తెలివి ఉందో అర్థమవుతుంది.

చేలో తొడిగే చొక్కా

మిరప చేలోనో, పత్తి చేలోనో పని చేసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కోవడం మనందరం చూసినదే. తలకు తువ్వాలు చుట్టి, ముఖం కనిపించీ కనిపించకుండా కడతారు. దురద, నూగు, ముళ్లు తగలకుండా వేసుకున్న ఆ చొక్కాను నేను ఈ వ్యాసంలో చెప్పబోయే అన్నిటికంటే ముందు నిలబెడతాను. ఒకసారి తొడిగితే మధ్యాహ్నం రెండింటికి మళ్లీ పూయనక్కర లేదు, చెమటకు కారిపోదు, నెలనెలా కొననక్కర లేదు. దగ్గరగా నేసిన ముతక గుడ్డ, ముదురు రంగు గుడ్డ ఎక్కువ కిరణాలను ఆపుతాయి. ఉతికి ఉతికి పల్చబడిన కాటన్ కొంగును వెలుగుకు అడ్డం పట్టి చూడండి. అవతలి మనిషి కనిపిస్తే కిరణాలూ అదే దారిన లోపలికి వస్తాయి. తెల్లటి గుడ్డ చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటే దాని కాపుదల ఇంకా తగ్గుతుంది.

స్కూటీ మీద బడికి వెళ్లే టీచరమ్మకు, బస్సు కోసం నిలబడే గుమాస్తాకు ఆ చొక్కా కుదరకపోవచ్చు. వాళ్లకు గొడుగు ఉంది, మోచేతుల దాకా తొడిగే గ్లవ్స్ ఉన్నాయి. ముఖానికి, మెడకు, చేతి వెనక భాగానికి సన్‌స్క్రీన్ ఉంది.

సన్‌స్క్రీన్ గురించి మనవాళ్లకు ఒక అనుమానం ఉంటుంది: నలభై దాటాక పూసుకుంటే ఏం లాభం, పోయింది పోయిందిగా అని. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు వెతికారు. 55 ఏళ్ల లోపు వాళ్లు 903 మందిని తీసుకుని, కొందరిని రోజూ సన్‌స్క్రీన్ పూసుకోమన్నారు, మిగిలినవాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేశారు. నాలుగున్నరేళ్ల తేడాలో చేతి వెనక చర్మం మీద సిలికాన్ అచ్చులు తీసి గరుకుదనం పోల్చారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం రోజూ పూసినవాళ్లలో చర్మం ముదరడం రెండో జట్టు కంటే 24 శాతం తక్కువ. నడివయసు వాళ్లలోనూ ఆ లాభం కనిపించింది.

చిక్కంతా కొలతలో ఉంది. మనం శనగగింజంత తీసి ముఖమంతా సర్దుతాం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోయే మోతాదు. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. డబ్బా మీద ఎస్పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ, దాంతో పాటు ఎ రకం కిరణాలను కూడా ఆపుతుందన్న మాట ఉండాలి. మంగు ఉన్నవాళ్లు లేత గోధుమరంగు కలిసిన రకాన్ని అడగండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుగును కూడా కొంత ఆపుతుంది. మన మంగుకు ఆ వెలుగు కూడా ఆజ్యం పోస్తుంది.

> మామిడి సొన
> మామిడి, జీడిమామిడి, చాకలి గుర్తు పెట్టే నల్లజీడి మూడూ ఒకే కుటుంబం చెట్లు. కాయ తొడిమ తుంచగానే చిమ్మే సొనలో చర్మాన్ని రగిలించే నూనెలాంటి పదార్థాలు ఉంటాయి. కొందరికి వెంటనే మంట, కొందరికి ఒకటి రెండు రోజుల తరవాత దురద, పొక్కులు. పుండు మానినా నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. ఆ మచ్చ కణాలు గుమ్మరించిన రంగే. సొన పడగానే సబ్బుతో కడిగెయ్యడం, అదే చేత్తో ముఖం తుడుచుకోకపోవడం సగం మచ్చలను ఆపుతాయి.

గోడలో సున్నం

ఇప్పటిదాకా లోపలి పొర కథ. పై పొర కథ వేరు. అన్నిటికంటే పైన, పల్చటి కాగితం కంటే పల్చగా, చచ్చిన కణాల వరసలు ఉంటాయి. వాటిని ఇటుకలు అనుకుంటే, మధ్యలో సున్నంలా కొవ్వు పదార్థాలు నిండి ఉంటాయి. ఈ గోడ గట్టిగా ఉంటే ఒంట్లో నీరు బయటికి ఆవిరైపోదు, బయటి దుమ్ము, పురుగుమందు లోపలికి తేలిగ్గా రావు. నడివయసులో శరీరం ఈ సున్నాన్ని తక్కువ తయారుచేస్తుంది, పోయినదాన్ని పూడ్చడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. కాలి పిక్క మీద గోటితో గీస్తే సుద్దతో రాసినట్టు తెల్ల గీత పడుతుందే, అది సున్నం రాలిన గోడ.

మరి మనం ఏం చేస్తాం? పొగలు కక్కే వేన్నీళ్లు, రెండుసార్లు సబ్బు, ఆ పైన నైలాను పీచు. మూడూ గోడ మీద గడ్డపలుగులే. వేడి నీళ్లు కొవ్వును కరిగిస్తాయి. సబ్బు ఆ కరిగినదాన్ని కడిగేస్తుంది. పైగా మన చర్మం కొంచెం పుల్లటి స్వభావం కలది. ఆ పులుపు గోడను కాపాడే ఎంజైములకు కావాలి. మామూలు సబ్బు దానికి విరుద్ధంగా క్షార గుణం కలది. స్నానం తరవాత చర్మం తన పులుపును తిరిగి తెచ్చుకోవడానికి గంటలు పడుతుంది. పీచు సంగతి ఇంకా విచారకరం. వీపు మీద, భుజాల మీద, మోచేతుల మీద నల్లగా ఉందని రోజూ రుద్దితే, ఆ రాపిడికే రంగు కణాలు మరింత రంగు పోస్తాయి. మురికి పోవాలని రుద్దే కొద్దీ నలుపు పెరుగుతుంది.

గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు స్నానం, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు, మట్టి అంటిన చోటుకు. మిగతా ఒంటికి నీళ్లు చాలు. ఇంత చిన్న మార్పుతో చలికాలపు దురద సగం మందికి తగ్గుతుందని నేను చెప్పే ధైర్యం చెయ్యను గానీ, ఏ చర్మ డాక్టరైనా మొదటి చీటీలో రాసే మాట ఇదే.

రెండో మాట నూనె. మనకు తలంటు ఉంది. ముందు నూనె, తరవాత నలుగు. ఆ క్రమాన్ని నేను తప్పుపట్టను. సబ్బు కంటే సున్నిపిండి గోడ పట్ల దయగలదే. కాకపోతే నలుగుతో నూనె చాలావరకు ఊడిపోతుంది. దానికి రెండో విడత చేర్చమంటాను: స్నానం అయ్యాక తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో, అరచేతిలో పట్టినంత నూనె కాళ్లకు చేతులకు పూయాలి. నూనె నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని మూత పెట్టి ఆపుతుంది. పూర్తిగా ఆరిపోయిన ఒంటికి పూస్తే ఖాళీ గిన్నెకు మూత పెట్టినట్టే.

> ఏ నూనె?
> 2004లో ఫిలిప్పీన్స్‌లో 34 మంది పొడి చర్మం ఉన్నవాళ్ల కాళ్లకు రెండు వారాలు కొబ్బరినూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. రెండూ సమానంగా పనిచేశాయి. పొద్దుతిరుగుడు నూనెలో ఉండే లినోలిక్ ఆమ్లం గోడ సున్నానికి ముడిసరుకు. నువ్వుల నూనెలోనూ అది బాగానే ఉంటుంది. ఖరీదు పెట్టి కొనే ఆలివ్ నూనె మాత్రం పై పొరను బలహీనపరచినట్టు 2013లో ఇంగ్లండులో చేసిన పరీక్షలో తేలింది. పగిలిన మడమలకు రాత్రి కాళ్లు నానబెట్టి, తడి అద్ది, పెట్రోలియం జెల్లీ పూసి సాక్సు తొడగడం మేలు. ముఖం మీద మొటిమలు వచ్చేవాళ్లు అక్కడ నూనె జోలికి పోకూడదు.

నలభై అయిదు దాటాక

మన దేశంలో ఆడవాళ్లకు ముట్లు ఆగే సగటు వయసు 46, 47 ఏళ్ల దగ్గర ఉంది; పాశ్చాత్య దేశాల కంటే కొన్నేళ్లు ముందే. ఈస్ట్రోజెన్ తగ్గగానే నులక నేసే కణాలు నెమ్మదిస్తాయి. ముట్లు ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుందని అంచనా. నూనె గ్రంథులూ నెమ్మదిస్తాయి. నిన్నటిదాకా పడిన సబ్బు ఇవాళ మంట పుట్టిస్తే అది మీ ఊహ కాదు.

ఇదే వయసులో చర్మం ఒంటి లోపలి కబుర్లు కూడా చెబుతుంది, అవి వినాలి. మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలా మందంగా వచ్చే నలుపు మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యక, ఎక్కువగా తయారవుతున్నదని చెప్పే గుర్తు. పీచు పక్కన పెట్టి షుగరు పరీక్ష చేయించుకోండి. షుగరుకు, ముడతలకు కూడా బంధుత్వం ఉంది: చర్మంలోని కొల్లాజెన్‌లో సగం మారడానికే సుమారు 15 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నెత్తుటిలో ఎక్కువైన చక్కెర ఆ పోగులకు అంటుకుంటూ, పాకంలో నానిన నులకలా వాటిని బిరుసెక్కిస్తుంది.

ఒంటి మీద దద్దురు ఏదీ లేకుండా వారాల తరబడి దురద ఉంటే నూనెతో సరిపెట్టకండి. థైరాయిడ్, షుగరు, కిడ్నీ పరీక్షలు చేయించాలి. తిరువూరు పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదేలు చేసిందో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పనక్కర లేదు. ఆ జబ్బు ముదిరినప్పుడు వచ్చే లక్షణాల్లో దురద ఒకటి. అలాగే స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. కుష్ఠు మందులు ఉచితం, త్వరగా మొదలుపెడితే వైకల్యం రాదు.

చిన్నవి రెండు. తలకు రంగు వేసేవాళ్లు ముందు చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు చూడాలి. ఏళ్లుగా పడిన రంగు కూడా ఒక రోజు పడకపోవచ్చు. బొట్టుబిళ్ల పెట్టిన చోట తెల్లబడితే అది జిగురులోని రసాయనం పని. బిళ్ల మానెయ్యడమే మొదటి మందు.

తెల్లబరిచే ట్యూబు

మంగు వచ్చిన ఆడవాళ్లు ఎంత కుమిలిపోతారో నాకు తెలుసు. పెళ్లిలో ఎవరో ఒకరు ‘ముఖమేంటి అలా అయింది’ అంటారు. మరునాడే మెడికల్ షాపులో చీటీ లేకుండా ఒక ట్యూబు చేతికి వస్తుంది. వారంలో ముఖం తేటపడుతుంది. అదే ఉచ్చు.

అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది నెత్తురు నాళాలను ముడిచేస్తుంది, రంగు కణాలను అణుస్తుంది. అందుకే తెల్లబడినట్టు కనిపిస్తుంది. కానీ నులక నేసే కణాలను కూడా అణుస్తుంది. నెలలు గడిచే కొద్దీ చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది, ఎర్రటి నాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు మొలుస్తాయి. మానెయ్యబోతే ముఖం మంటెత్తుతుంది. మంట భరించలేక మళ్లీ అదే పూస్తారు. ఎండ ఏళ్ల తరబడి చేసేదాన్ని ఈ ట్యూబు చాలా తక్కువ కాలంలో చేస్తుంది. గజ్జల్లో తామరకు పూసే కలగాపులగం క్రీముల్లోనూ ఇదే ఉంటుంది. అక్కడ దురద అణిగి, జబ్బు మొండిదై పాకుతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కౌంటరు దగ్గర ఆ ఉత్తర్వు మీకోసం నిలబడదు, మీరే చదవాలి. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే ముఖానికి సొంతంగా పూయకండి. ఇప్పటికే నెలలుగా పూస్తుంటే ఒక్కసారిగా మానకుండా చర్మ డాక్టరుకు ఆ ట్యూబే చూపించండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. మంగుకు వాడే మంచి మందులు ఉన్నాయి. అయితే ఎండ కాపుదల లేకుండా ఏ మందూ నిలవదు. తగ్గినట్టే తగ్గి, వచ్చే మామిడి సీజనుకు తిరిగి వస్తుంది.

ఇవన్నీ ఎప్పటికి కనిపిస్తాయని అడుగుతారు. పై పొర మొత్తం మారడానికి యవ్వనంలో నెల పడితే నడివయసులో నలభై రోజులు దాటుతుంది. మచ్చలకు నెలలు కావాలి. లోపలి నులకలో ఇప్పటికే తెగినది పూర్తిగా తిరిగి రాదు. ఇకపై తెగబోయేది మిగులుతుంది. కాబట్టి మొదటి ఫలితం కోసం ముఖం వైపు చూడకండి. స్నానం మార్చి, చెమ్మ ఒంటికి నూనె పూయడం దసరాకు మొదలుపెడితే, సంక్రాంతి చలిలో కాలి పిక్క మీద గోటితో గీసి చూసుకోండి, తెల్ల గీత పడుతుందో లేదో.